చెయ్యి తీయి, నాయనా

ఊరంతా మారియప్ప మిలటరీ బట్టలు చూసింది. బైరప్ప మాత్రం కొడుకు ఎడమ కాలు చూశాడు.

కుప్పంలో రైలు దిగి, వేప్పనపల్లి దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి మామిడితోటల మధ్య బండిబాట పట్టుకుని మారియప్ప నడిచి వస్తుంటే తోటల్లో వాళ్లు ఎక్కడి పని అక్కడ వదిలేసి వెంటపడ్డారు. చైనావాళ్లతో యుద్ధం ముగిసి ఏడాది దాటింది. లడాఖు కొండల్లో రోడ్లు వేసే పటాలంలో ఉన్న మారియప్ప అప్పటి నుంచి ఇంటి ముఖం చూడలేదు. అలాంటివాడు మారెమ్మ పండగ రేపనగా ఊడిపడితే ఊరు ఊరుకుంటుందా? ఒకడు ట్రంకుపెట్టె లాక్కున్నాడు, ఇంకొకడు టోపీ లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు, ముసలమ్మలు బుగ్గలు పుణికి మెటికలు విరిచారు. ఇంత గోలలోనూ బైరప్ప గడప దగ్గర నిలబడి, కొడుకు ముఖం ఇంకా ఆనవాలు చిక్కకముందే, ఎడమ కాలు నేలమీద ఆనీ ఆనకముందే లేచిపోవడం పట్టేశాడు. ఆ తరవాతే ముఖం చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

అది ప్రేమ లేక కాదు. ఆయన కన్ను అలా తయారైపోయింది. ఆ చుట్టుపక్కల ఎద్దు కుంటినా మనిషి కుంటినా బైరప్ప ఇంటికే తోలుకొచ్చేవాళ్లు. ఆముదం గోరువెచ్చగా కాచి, రెండు బొటనవేళ్లతో కింద నుంచి పైకి ఆయన తోమితే దిగని వాపు లేదని పేరు. ఆ పేరంటే బైరప్పకేమీ చేదు కాదు. ఎవరైనా పొగిడితే వద్దువద్దంటూనే ఇంకో మాట వినడానికి ఆగేవాడు.

భార్య పోయాక మారియప్పను ఆయనొక్కడే పెంచాడు. ముద్దుమాటలు ఆయన నోటికి రావు. పిల్లవాడికి జ్వరమొస్తే అరికాళ్లు రుద్దేవాడు. చెట్టుమీద నుంచి పడితే తిట్టకుండా నడుము తోమేవాడు. పటాలంలో చేరడానికి బెంగళూరు పోయిన నాడు కూడా ఏం చెప్పాలో తెలియక, బస్సు కదిలేదాకా కొడుకు వీపు నిమురుతూ నిలబడ్డాడు. ఆయన ప్రేమంతా ఆ చేతుల్లోనే ఉండేది.

కాలు చూపించమని బైరప్ప అడిగితే మారియప్ప నవ్వేసి, రోజుల తరబడి రైల్లో కాళ్లు చాపుకునే చోటు లేక పట్టేసిందంతే అన్నాడు. ముందు కర్రోడిని చూపించమన్నాడు. కర్రోడంటే వాళ్ల ఎద్దు. అతను పటాలంలో చేరేనాటికి అది దూడ. ఇప్పుడు కొట్టంలో గోడలా నిలబడి ఉంది. మారియప్ప భార్య కాళమ్మ దానికి ఉలవలు ఉడికించి పెట్టి పెట్టి అంతదాన్ని చేసింది. పండగ పది రోజులుందనగా అది రాతిగుంటలో కాలు పెట్టి మడమ వాచిపోతే, బైరప్ప పూటపూటకూ తోమి మళ్లీ గంతులు వేయించాడు. ఎద్దు కాలి సంగతి కాళమ్మ మొగుడికి సంబరంగా చెబుతుంటే బైరప్ప వినీ విననట్టు తిరిగాడు గానీ చెవులు అక్కడే ఉన్నాయి.

ఆ కర్రోడు మరుసటి రోజు ఊరికి ముందెద్దు. గుట్టకింద బైరప్ప ఇంటి ముందు మొదలైన వీధి ఊరి నడిమధ్యగా దిగి, కింద రోడ్డు దగ్గర ఆగుతుంది. ఎద్దులు ఉరికేది ఆ వీధిలోనే. పండగనాటి పొద్దున వీధంతా పసుపునీళ్లు చల్లుతారు. బైరప్ప ఇంటి నుంచి ముందెద్దు బయలుదేరి రోడ్డు చేరేదాకా ఆ పసుపునీళ్ల మీద ఎవరూ కాలు పెట్టకూడదు. పెడితే మారెమ్మ ఆ ఏడు వానలు ఎగ్గొడుతుందని నమ్మకం. ముందెద్దు దాటాక మిగతా ఎద్దులన్నీ, కొమ్ముల నడుమ నుదుటికి రంగు చెక్కపలకలు కట్టుకుని, వాటిని లాక్కోబోయే కుర్రాళ్లను తప్పించుకుంటూ, ఒకదాని వెనక ఒకటి పొద్దుగూకేదాకా ఉరుకుతూనే ఉంటాయి. ముందెద్దు మర్యాద తాతల కాలం నుంచి బైరప్ప ఇంటిది. వాళ్లు కట్టుబాటు తప్పితే అది పక్కింటి ఆదెప్ప వాళ్లకు పోతుంది. ఆదెప్ప వాళ్లు ఆ తప్పు కోసం తండ్రి కాలం నుంచి కాచుకుని ఉన్నారని ఊళ్లో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం సంగటి ముద్దలు ముందు పెట్టుకుని మారియప్ప లడాఖు కబుర్లు చెప్పాడు. చెట్టన్నది లేని కొండలట. గ్లాసులో నీళ్లు తాగేలోగా గడ్డకట్టేవట. గుట్టల మీద గుట్టలు పేర్చినంత ఎత్తులో గాలి పలచగా ఉండి, నాలుగు రాళ్లు మోస్తే కుక్కలా రొప్పు వచ్చేదట. నీళ్లు తాగండి, కాళ్లు కదపండి, టెంటులో ముడుచుకుని కూర్చుంటే మీ రక్తం చిక్కబడుతుంది అని అక్కడి డాక్టరు పొద్దస్తమానం తగులుకునేవాడని, అందరూ ఆయన్ని చాటున ఎగతాళి చేసేవాళ్లని చెప్పాడు. రక్తం చిక్కబడితే ఏమవుతుందని బైరప్ప అడిగాడు. మారియప్ప ముద్ద మింగి, రేపు కర్రోడికి ఏ రంగు పలక కడుతున్నారని కాళమ్మను అడిగాడు.

తెల్లవారేసరికి ఊరు ఊరులా లేదు. వేప్పనపల్లి నుంచి, కుప్పం వైపు నుంచి ఎద్దులు, బండ్లు, మనుషులు. అరుగుల మీదా మిద్దెల మీదా చోటు లేదు. తప్పెట్లు కాచుకునే మంటల పొగ గుట్టదాకా లేచింది. కాళమ్మ కర్రోడి కొమ్ములకు జిగినీ కాగితం చుట్టి, నుదుటికి ఎర్ర పలక కట్టి, దాని చెవిలో ఏదో చెప్పి తనలో తాను నవ్వుకుంటోంది. బైరప్ప దాని కాళ్లకు చివరిసారి ఆముదం పట్టించి లేచి, కొట్టం ముందు బండమీద కూర్చున్న కొడుకు వైపు తిరిగాడు.

మారియప్ప పంచె కట్టుకుని ఉన్నాడు. రాత్రికి రాత్రి ఎడమ పిక్క కుడిదానికంటే బాగా లావైంది. ఇంకో మాటకు చోటివ్వకుండా బైరప్ప కింద కూర్చుని కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. పిక్క వెచ్చగా ఉంది, బిగుసుకుపోయి ఉంది. చీలమండ తిప్పి చూశాడు, బెణుకు లేదు. ఎముక నిమిరి చూశాడు, దెబ్బ లేదు. ఆయన బతుకంతా చూసిన వాపుల్లో ఇలాంటిది లేదు. ఆ మాట ఆయన వేళ్లు ఆయనకు చెప్పాయి కూడా. కానీ గుమ్మం ముందు నలుగురు నిలబడి చూస్తున్నారు. ఎద్దు కాలు నయం చేసినవాడు కొడుకు కాలు దగ్గర తడుముకుంటే ఏం బాగుంటుంది? మిగిలిన ఆముదం అరచేతుల్లో పోసుకుని, కింద నుంచి పైకి గట్టిగా తోమాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి, ఆ మీద ఇంకోసారి.

మారియప్ప వంగి తండ్రి మణికట్లు రెండూ పట్టుకున్నాడు.

"చెయ్యి తీయి, నాయనా."

బైరప్పకు ఆ మాట తలకెక్కలేదు. ఆయన చెయ్యి కావాలన్నవాళ్లే గానీ తీయమన్నవాళ్లు అంతదాకా పుట్టలేదు. అందరి ముందు కొడుకు చెంపమీద కొట్టినట్టయింది. మారియప్ప గొంతు తగ్గించి, తండ్రి మణికట్లు వదలకుండానే చెప్పుకొచ్చాడు.

"జవళగిరి పిల్లోడు నాగేశప్ప అని మా టెంటులో ఉండె. వానికీ ఇట్లే పిక్క వాచింది. చలికి పట్టుకుందని మంట కాడ కూర్చోబెట్టి మేమే తోమినాము, వాని మింద ప్రేమతోనే. లేచినాడు, నవ్వినాడు, ఆడనే పడిపోయినాడు. డాక్టరు వచ్చి అప్పుడు చెప్పినాడు. ఆ ఎత్తులో రక్తం చిక్కబడి కాల్లో గడ్డ కడతాదంట. తోమితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతాదంట."

తెలిసీ తనకెందుకు చెప్పలేదని బైరప్ప అడిగాడు.

"ఆడ చెప్పింటే ఆస్పత్రిలో పండేసి సెలవు కొట్టేస్తా ఉండిరి. కర్రోడు ఉరికేది చూడాలని దాచిపెట్టుకోని వచ్చినా. ఈడికొచ్చినాక, నా కాలు ముట్టుకోవద్దని నీకు నేను ఎట్ల చెప్పేది, నాయనా?"

ఆ మాట అయీ కాకముందే అతను దగ్గాడు. మళ్లీ దగ్గాడు. కుడి డొక్క మీద చెయ్యి వేసుకుని, సూది గుచ్చినట్టుందని, ఊపిరి లోపలికి పోవడం లేదని అన్నాడు. నుదుటి మీద చెమట. పెదవుల రంగు మారింది. తువ్వాలుతో నోరు తుడుచుకుంటే దానిమీద ఎర్రటి చార పడింది. బైరప్ప ఆముదం కారుతున్న చేతులు గాలిలో అలాగే పెట్టుకుని ఉండిపోయాడు. వాటిని ఎక్కడ దాచుకోవాలో ఆయనకు తెలియలేదు. కొడుకును చంపుకున్నాననే అనుకున్నాడు.

కదిలింది కాళమ్మ. ఎద్దు పగ్గం గుంజకు చుట్టి, ఇంట్లోంచి నులకమంచం ఈడ్చుకొచ్చి, మొగుణ్ని అడుగు వేయనివ్వకుండా దానిమీదికి చేర్చింది. ఎడమ కాలి కింద దిండు పెట్టింది. కృష్ణగిరి ఆస్పత్రికి పోవాలి. బండ్లన్నీ రోడ్డు దగ్గరే ఉన్నాయి. వాటిలో వ్యాను ఒకటే, హనుమంతయ్య శెట్టిది. కృష్ణగిరి వర్తకుడాయన. పూత చూసి తోటలు గుత్తకు మాట్లాడుకోవడానికి వచ్చి, ఎద్దుల పిచ్చి కొద్దీ పండగకు ఆగిపోయాడు. రోడ్డుకు పోవాలంటే వీధిలోంచే పోవాలి. వెనక గుట్ట. గుట్ట దిగే దారి మేకలకు తప్ప మంచానికి పనికిరాదు.

వీధిలో పసుపునీళ్లు ఇంకా ఆరలేదు. ముందెద్దును వదిలిపెట్టి దాని వెనక పోదామంటే, దాన్ని చూడగానే మిగతావి తాళ్లు తెంచుకుంటాయి. అంత పొగరు ఎద్దుల మధ్య మంచం పోనే పోదు. పోనీ పొద్దుగూకేదాకా ఆగుదామంటే, కొడుకు ఊపిరి అంతదాకా నిలిచేలా లేదు.

బైరప్ప గడప దగ్గర నిలబడిపోయాడు. మూడు తరాల మర్యాద ఒక పక్క, ఊరి వానలు ఒక పక్క. కాళమ్మ ఆయన ముఖం చూసింది.

"వానలు రాకపోతే రాకపోనీ మామా," అంది. "పట్టుకోండి."

నలుగురు మంచం కోళ్లు పట్టుకున్నారు. మంచం గడప దాటేసరికి వీధి మొదట్లో ఊరి పెద్దలు చేతులు అడ్డం పెట్టారు. ఏమిటిది, ముందెద్దు పోకముందు మంచమేమిటి అన్నారు. వెనకున్నవాళ్లు తోసుకొచ్చారు. చచ్చినవాణ్ని తెస్తున్నారా అని ఎవరో అడిగారు. గోల గోల అయిపోయింది. ఆ గోల మధ్యలోంచి ఆదెప్ప వచ్చాడు, చేతిలో తన ఎద్దు పగ్గం పట్టుకుని. తండ్రి కాలం నుంచి కాచుకున్న తప్పు అతని కళ్ల ముందు మంచమెక్కి వస్తోంది.

ఆదెప్ప మంచం మీదికి వంగి మారియప్ప ముఖం చూశాడు. తువ్వాలు మీది ఎర్రచార చూశాడు. తిరిగి పెద్దల వైపు నిలబడ్డాడు.

"కట్టుబాటు ఏమని ఉండాది? బైరన్న ఇంట్లోనించి ముందు వచ్చేదే ముందెద్దు. ఈ పొద్దు ఆ ఇంట్లోనించి ముందు వచ్చేది ఈ పిల్లోడు. తప్పుకోండప్పా."

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మాట ఇంకెవరన్నా కొట్టేసేవాళ్లే. అన్నది ఆదెప్ప. అతను కాదనకపోతే కాదనే హక్కు ఊళ్లో ఇంకెవరికీ లేదు. అడ్డంగా ఉన్న చేతులు దిగిపోయాయి. ఆదెప్ప తప్పెట్లవాళ్లను కేకేసి, ఉరుకు దెబ్బ వద్దు, నిదానం దెబ్బ కొట్టండి, మోసేవాళ్ల అడుగు దానికి పడాలి అన్నాడు. తన ఎద్దు పగ్గం పక్కవాడికిచ్చి, గుంజకున్న కర్రోడి పగ్గం విప్పుకుని, మంచం రోడ్డు చేరేదాకా దీన్ని నేను పట్టుకుంటాను పో అన్నాడు కాళమ్మతో. కర్రోడు కొత్త చేతిని ఒప్పుకోక రంకె వేసి అతన్ని రెండు బారలు ఈడ్చింది. అతను పడ్డాడు, లేచాడు, పగ్గం మాత్రం వదల్లేదు.

మంచం వీధిలోకి దిగింది. రెండు పక్కలా జనం చేయి చేయి పట్టుకుని గోడల్లా నిలబడ్డారు. తప్పెట ఒక్కటే మోగుతోంది, ధిమ్... ధిమ్... ధిమ్మని. బైరప్ప మంచానికి ముందు, మోసేవాళ్ల వైపు ముఖం పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఉరకొద్దు, నిండు కడవ మోసినట్టు మోయండి, గుంత ఉంది, ఎడమకు, ఎడమకు అని చెబుతూనే ఉన్నాడు. ఏమీ పట్టుకోని ఆయన రెండు చేతులూ మంచానికి ముందు గాలిని సర్దుతున్నట్టు ఊగుతున్నాయి. మిద్దెల మీద వాళ్లకు సంగతి సగమే తెలుసు. అయినా ఏడాదంతా ఎదురుచూసిన వీధిలోకి ముందెద్దుకు బదులు మిలటరీ మారియప్ప వస్తున్నాడని తెలిసి వాళ్ల ఒళ్లు గగుర్పొడిచింది. ఈల వేయబోయినవాడి నోరు పక్కవాడు మూశాడు. ఎద్దు మీద చల్లడానికి తెచ్చుకున్న బంతిపూలు ఒక ముసలమ్మ మంచం మీద చల్లింది. దాంతో అందరూ చల్లారు. పూల కింద మారియప్ప ఒక్కొక్క ఊపిరీ తోడుకుంటూ, భార్య కొంగు పట్టుకుని, బైరప్ప భుజం మీదుగా ఎదురొస్తున్న వీధిని చూస్తున్నాడు.

హనుమంతయ్య శెట్టి అప్పటికే వ్యాను వెనక తలుపులు తెరిచి, లోపలున్న ఖాళీ మామిడి గంపలన్నీ రోడ్డుమీదికి విసిరేశాడు. యుద్ధానంతరం మిలటరీవాళ్లు వేలం వేస్తే కొన్న పాత వ్యాను అది. ఈ పొద్దుకు మళ్లీ దానికి మిలటరీ పని పడిందని అంటూ స్టీరింగు ముందుకు ఎక్కాడు. గుత్తబేరాలు తప్ప వేరే కష్టం ఎరగని మనిషి, ముఖం ఎర్రగా చేసుకుని, చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. మంచం లోపలికి ఎక్కింది. వ్యాను కదిలిందో లేదో, వెనక తప్పెట్లన్నీ ఒక్కసారి ఉరుకు దెబ్బ అందుకున్నాయి. ఊరు ఊరంతా ఒకే గొంతుతో అరిచింది.

"కర్రోడు వచ్చినాడు," అన్నాడు మారియప్ప కళ్లు మూసుకుని, నవ్వుతూ. దేశం ఆ చివర నుంచి చూడ్డానికి వచ్చిన పరుగు అతనికి చెవులకు మాత్రమే దక్కింది.

కృష్ణగిరి ఆస్పత్రిలో డాక్టరు మనోరమ కాలు చూసింది, గుండెలు విన్నది, ఎక్కడి నుంచి వచ్చాడని అడిగింది. లడాఖు అని, రైల్లో అన్ని రోజులు కూర్చునే వచ్చాడని చెప్పగానే ఆమె ముఖంలో సందేహం పోయింది. ఎవరైనా తోమారా అని అడిగింది. కాళమ్మ నేల చూసింది. బైరప్ప ఆముదం మరకల చేతులు ముందుకు చాపాడు, నేరం చేసినవాడు బేడీలకు చాపినట్టు.

"నేనే తల్లీ. వాపు తీస్తామని తోమినాను. నా చెయ్యే వాని ప్రాణం తీసిందా?"

ఆమె ఆ చేతులు చూసింది గానీ కోప్పడలేదు. గడ్డ అంతా ఊడలేదని, ఊడింది చిన్న ముక్కేనని, పెద్దది పిక్కలోనే ఉందని చెప్పింది. రక్తం ఇంకా గడ్డకట్టకుండా ఆపే సూదిమందు వెంటనే పడాలంది. అది తన దగ్గర లేదు. బెంగళూరు మిలటరీ ఆస్పత్రిలో ఉంటుంది. ఇతన్ని అంతదూరం కుదిపితే మిగిలిన గడ్డ ఏం చేస్తుందో చెప్పలేనంది. అప్పటికప్పుడు ట్రంకుకాల్ కోసం కూర్చుంది. లైను దొరకడానికి పట్టినంతసేపూ వరండాలో హనుమంతయ్య శెట్టి అటూ ఇటూ తిరుగుతూ తన బట్టతల రుమాలుతో తుడుచుకున్నాడు. లైను దొరికింది. జవాను పేరు, పటాలం పేరు చెప్పగానే అవతలివాళ్లు ఇంకేమీ అడగలేదు. మందుతో జీపు ఇప్పుడే బయలుదేరుతుంది గానీ సగం దారిలో హోసూరు దాటి రాలేదు, అక్కడి బస్టాండు దగ్గర ఎవరినైనా ఉంచండి అన్నారు. ఎవరు పోతారని డాక్టరు అడిగేసరికి బయట వ్యాను ఇంజను మోగడం వినబడింది. శెట్టి అప్పటికే ఎక్కేశాడు.

ఇక మిగిలింది కూర్చోవడం. మారియప్ప కాలు ఎత్తుగా పెట్టి, కదలొద్దని, ఎవరూ ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. బైరప్ప మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. కొడుకు మూలిగినప్పుడల్లా ఆయన చేతులు వాటంతటవే లేచేవి. వాటిని పట్టుకుని మళ్లీ ఒళ్లో పెట్టుకునేవాడు. చివరికి రెండు అరచేతులూ తొడల కిందికి తోసి, వాటిమీద తన బరువంతా వేసి కూర్చున్నాడు. కాళమ్మ మొగుడి ముఖానికి విసనకర్రతో విసురుతూ, మధ్య మధ్య మామకు కూడా విసిరింది. నాగేశప్పను తోమిన చేతులూ తన చేతుల్లాంటివే కదా అనుకున్నాడు బైరప్ప. వాళ్లూ ప్రేమతోనే తోమారు. ప్రేమ ఉంటే చాలదా అని మారెమ్మతో మనసులోనే గట్టిగా పోట్లాడాడు.

దీపాలు పెట్టేవేళకు వ్యాను వచ్చింది. హనుమంతయ్య శెట్టి మందుపెట్టెను గుండెలకు హత్తుకుని దిగాడు. డాక్టరు దాన్ని లాక్కుని లోపలికి పోయినా ఆయన నోరు ఆగలేదు. శూలగిరి దగ్గర గొర్రెలమంద అడ్డం వచ్చిందట. దిగి తానే గొర్రెల్ని తోలాడట. హోసూరులో జీపు తనకంటే ముందే వచ్చి నిలబడి ఉంటే సిగ్గేసిందట. తిరుగుదారిలో బస్సునొకదాన్ని దాటాడట. దాటేటప్పుడు బస్సు డ్రైవరు ఏమన్నాడో మాత్రం ఆడవాళ్ల ముందు చెప్పలేనన్నాడు. నా జన్మలో ఇంత వేగం పోలేదప్పా అంటూ వరండాలో కూలబడి తనే నవ్వాడు. సూదిమందు లోపల పడింది.

ఆ రాత్రి గడిచింది. మర్నాడు దగ్గు తగ్గింది. ఆ తరవాత డొక్కలో పోటు తగ్గింది. పూటపూటకూ సూదులు పడుతున్నాయి. పిక్క కొద్దికొద్దిగా మెత్తబడుతోందని డాక్టరు చెబుతుంటే, బైరప్ప కంటితోనే కొలుచుకునేవాడు, వంగి వంగి చూసేవాడు, చెయ్యి మాత్రం చాపేవాడు కాదు. ఒకరోజు ఆమె తానే ఆయన పక్కన కూర్చుని, తోమదగ్గ వాపు ఏది, తోమగూడనిది ఏది, ఏం చూసి తెలుసుకోవాలో నిదానంగా చెప్పింది. మళ్లీ చెప్పు తల్లీ అని అడిగి మూడుసార్లు చెప్పించుకున్నాడు.

వారం తిరక్కముందే ఆదెప్ప వచ్చాడు. మోచేతికి కట్టు, పెదవి చిట్లి ఉంది. చంకలో ఎర్ర పలక. కర్రోడి నుదుటి నుంచి దాన్ని లాగబోయినవాళ్లెవరికీ దక్కలేదని, ఆ ఎద్దు తనను ఈడ్చినంత దూరం ఇంతవరకూ ఏ ఎద్దూ ఎవరినీ ఈడ్చలేదని చెప్పి, పలకను మారియప్ప మంచం కోడుకు తగిలించాడు. ముందెద్దు మర్యాద గురించి బైరప్ప ఏదో అనబోతే, వానల సంగతి ఆడి నెలలో చూద్దాం లేప్పా, అప్పుడు రాకపోతే నేనే వచ్చి కొట్లాడతా అన్నాడు. బైరప్ప అతని మోచేతి వైపు చూసి, కట్టు ఎవరు కట్టారు, ఇంత వదులుగానా అని అలవాటుగా చెయ్యి చాపాడు. చాపి, గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఆదెప్ప అది చూసి చూడనట్టే ఉన్నాడు.

ఇంకొన్నాళ్లకు డాక్టరు మనోరమ ఒక పొద్దున రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూసి, ఇవాళ లేచి నిలబడొచ్చు అంది. వార్డులో వాళ్లంతా మంచాల మీద లేచి కూర్చున్నారు. కాళమ్మ మంచం దగ్గరికి జరిగింది. నాగేశప్ప కూడా లేచి నిలబడే పడిపోయాడని ముగ్గురికీ గుర్తుంది. మారియప్ప కాళ్లు కిందికి దించి, మంచం అంచున కూర్చుని, చుట్టూ చూశాడు. తండ్రి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని.

"నాయనా, చెయ్యి ఇయ్యి."

బైరప్ప కదల్లేదు. డాక్టరు వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అయినా ఆయన చేతులు పంచెకు తుడుచుకున్నాడు, అంతకుముందే శుభ్రంగా ఉన్న చేతుల్ని, మళ్లీ మళ్లీ. అప్పుడు ముందుకొచ్చి కుడిచెయ్యి చాపాడు. తోమలేదు, నొక్కలేదు, ఊరికే చాపాడు. మారియప్ప దాన్ని పట్టుకుని, బరువంతా దానిమీద వేసి లేచాడు. నిలబడ్డాడు. నవ్వాడు. పడిపోలేదు. బైరప్ప ఆ వార్డులో అందరి ముందూ భోరుమని ఏడ్చాడు, చెయ్యి మాత్రం వదల్లేదు.